ఊళ్ళో తుపాకి పేల్చొద్దన్న పాత అమెరికా చట్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాదీ జులై 4 రాత్రీ, డిసెంబర్ 31 రాత్రీ నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, ఇప్పుడు వినపడింది టపాసులా, తుపాకా?" అని మొదలవుతుంది, "అయినా ఈ దేశంలో మొదటి నుంచీ ఇంతేగా, ఎవరిష్టం వాళ్ళది" అన్న దగ్గర ఆగుతుంది. మొదటి నుంచీ ఇంతే కాదండీ. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గరికి వాళ్ళు నేరుగా వెళ్ళిపోవచ్చు. నేను లాయర్ని కాదు. పాత చట్టాలు చదవడం నాకో పిచ్చి, అంతే.

## మొట్టమొదట అందరికీ వచ్చే డౌట్లు

అమెరికాలో ఒకప్పుడు ఎవరైనా ఎక్కడైనా తుపాకి పేల్చుకోవచ్చు కదా?

కాదు. ఆ దేశం పుట్టకముందే, ఇంగ్లండ్ కింద కాలనీలుగా ఉన్న రోజుల్లోనే, ఊళ్ళో తుపాకి పేల్చడం మీద చట్టాలున్నాయి. ఫిలడెల్ఫియాకి 1721లో వచ్చింది, బోస్టన్‌కి 1746లో వచ్చింది, న్యూయార్క్‌లో పండగ రోజుల కోసం ప్రత్యేకంగా పెట్టారు. అప్పటికి ఆ దేశంలో పెద్ద ఊళ్ళంటే ఈ మూడే. తమాషా ఏమిటంటే, చాలా కాలనీల్లో ఊరి కాపలా దళంలో పేరున్న ప్రతి మగాడూ సొంత తుపాకి పెట్టుకోవాలని కూడా చట్టం ఉండేది. అంటే తుపాకి లేకపోతే ఒక జరిమానా, ఉందని నడివీధిలో పేలిస్తే ఇంకో జరిమానా. మనకు వింతగా ఉంటుంది గానీ వాళ్ళకు ఇందులో తిరకాసేమీ కనిపించలేదు.

తుపాకి పేల్చడం, దగ్గర పెట్టుకోవడం రెండూ ఒకటే కదా, ఎందుకు విడదీస్తున్నారు?

ఒకటి కాదు, మూడు వేరు వేరు సంగతులున్నాయి. ఇంట్లో ఉంచుకోవడం, వెంట తీసుకుని బయట తిరగడం, పేల్చడం. వీటిని కలిపేసి మాట్లాడబట్టే సగం వాట్సాప్ గొడవలు. మన దేశంలో బ్రిటిష్ వాళ్ళు మొదటిదాన్నే పట్టుకున్నారు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటేనే లైసెన్స్ కావాలి, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. కాబట్టి మనకు తుపాకి చట్టం అనగానే లైసెన్స్ గుర్తొస్తుంది. అమెరికా పాత ఊళ్ళలో తెల్లవాళ్ళ ఇంట్లో ఉన్న తుపాకి జోలికి చట్టం పెద్దగా పోలేదు, దాన్ని ఎక్కడ, ఎప్పుడు పేల్చావన్నదే అడిగింది.

కౌబాయ్ సినిమాల్లో ఊరి మధ్యలో ఢాం ఢాం అని కాల్చుకుంటారుగా?

సినిమా కాబట్టి కాల్చుకుంటారు. ఆ సినిమాలకు పేరు తెచ్చిన అరిజోనా ఊరు టూంబ్‌స్టోన్‌లో 1881 ఏప్రిల్‌లోనే 9వ నంబర్ ఆర్డినెన్స్ వచ్చింది. ఊళ్ళోకి రాగానే ఆయుధం అప్పజెప్పాలి, పెట్టుకుని తిరగకూడదు. అదే ఏడాది అక్టోబర్ 26న జరిగిన ఓకే కొరాల్ కాల్పులు మొదలైంది కూడా ఆ రూలు అమలు చేయబోయిన దగ్గరే. కాకపోతే అది వెంట పెట్టుకోవడం మీద రూలు, పేల్చడం మీద కాదు.

ఇది అమెరికా వాళ్ళ సొంత ఆలోచనేనా?

వాళ్ళ పాత ప్రభువులది. ఇంగ్లండ్‌లో 8వ హెన్రీ రాజు కాలంలో, 1541లో వచ్చిన చట్టం పట్నం లోపల గానీ, దాని చుట్టూ పావు మైలు దూరంలో గానీ చేతి తుపాకి పేల్చకూడదంది. పేలిస్తే 10 పౌండ్లు, అప్పటికి చాలా పెద్ద మొత్తం. రెండు మినహాయింపులు: మట్టిగట్టు ముందు పెట్టి గురి చూసుకోవచ్చు, ప్రాణానికో ఇంటికో ముప్పొస్తే కాల్చుకోవచ్చు. ఆ పావు మైలు కొలత సముద్రం దాటి వెళ్ళి, 1788లో ఇప్పటి ఒహాయో వైపున్న వాయవ్య భూభాగం చట్టంలో మళ్ళీ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో 1847లో పట్టణాల పోలీసు చట్టం ఒకటి వచ్చింది, వీధిలో ఊరికే తుపాకి పేల్చడాన్ని రాళ్ళు విసరడం, మంటలు వేయడం, బాణసంచా కాల్చడంతో కలిపి ఒకే వాక్యంలో పెట్టారు అందులో.

## అసలెందుకు పెట్టారు

అప్పట్లో జనమే తక్కువ, తుపాకి మోతకు అంత భయం దేనికి?

చాలామటుకు నిప్పుకి భయపడ్డారు. అప్పటి తుపాకిలో గొట్టం మూతి నుంచి మందు పోసి, పైన గుడ్డపీలికో కాగితమో జనపపీచో ఉండ చుట్టి, కడ్డీతో కూరేవాళ్ళు. పేల్చగానే గుండు ఎటో పోతుంది గానీ ఈ ఉండ మాత్రం నిప్పు అంటుకుని దగ్గర్లోనే ఎక్కడో పడుతుంది. పక్కనే చెక్క పెంకుల ఇంటి కప్పు, గడ్డివాము, గుర్రాల కొట్టం. వేసంకాలంలో తాటాకు పందిరి పక్కన చిచ్చుబుడ్డి వెలిగించే పిల్లాణ్ణి చూస్తే మనకెలా గుండె ఝల్లుమంటుందో వాళ్ళకూ అంతే. బోస్టన్‌లో 1760 మార్చిలో ఒక్క అగ్నిప్రమాదంలో 349 కట్టడాలు బూడిదయ్యాయి. అది తుపాకి వల్ల అని చెప్పడం లేదు, ఊరు ఎంత సులువుగా అంటుకునేదో చెప్తున్నాను. ఫిలడెల్ఫియా 1721 చట్టం పేరు చూసినా విషయం అర్థమైపోతుంది: నిప్పు వల్ల జరగగల ప్రమాదాలను ఆపే చట్టం. తుపాకి సంగతి అందులో ఒక సెక్షన్, అదీ టపాసులతో కలిపి.

గుర్రాలు బెదురుతున్నాయని కూడా చట్టం చేశారట, నిజమా?

నిజం, నాకు అన్నిటికంటే ఇష్టమైన చట్టం అదే. బోస్టన్ అప్పట్లో దాదాపు ద్వీపం, సన్నటి నేల మెడలా సాగి ప్రధాన భూభాగానికి కలిసేది. ఊళ్ళోంచి బయటికి పోవాలంటే ఆ మెడ మీద ఉన్న ఒక్క దారే గతి. రెండు వైపులా బురద, అలలు వచ్చిపోయే చిత్తడి, అందులో నీటిపక్షులు, ఆ పక్షుల కోసం పొద్దున్నే వచ్చే వేటగాళ్ళు. దారిన పోయేవాడి గుర్రం పక్కనే మోత వినపడితే అదిరిపడి ముందు కాళ్ళు లేపుతుంది, పైనున్నవాడు కిందపడతాడు. అలా జనం కాళ్ళూ చేతులూ ప్రాణాలూ ప్రమాదంలో పడుతున్నాయని చట్టం మొదట్లోనే రాసి మరీ, 1713-14లో దారికి పది రాడ్ల లోపల పేల్చకూడదన్నారు. పది రాడ్లంటే 165 అడుగులు. పేలిస్తే ఒక్కో మోతకు 20 షిల్లింగులు. ఎవడో అధికారి గదిలో కూర్చుని రాసిన చట్టంలా ఉండదు అది, గుర్రం మీంచి పడి నడుం పట్టుకుని వచ్చినవాడు రాయించినట్టు ఉంటుంది.

వర్జీనియాలో జరిమానా పొగాకులో కట్టించుకునేవాళ్ళా?

అవును. అక్కడ నాణేలు తక్కువ, పొగాకే డబ్బు. 1655-56 చట్టం ప్రకారం తాగే సందర్భంలో తుపాకులు పేలిస్తే 100 పౌన్ల పొగాకు జరిమానా, ఆ వచ్చినదాంతో కౌంటీకి మందుగుండు కొనాలి. మినహాయింపు రెండింటికే: పెళ్ళికీ, చావుకీ.

కారణం మాత్రం సరదా సంగతి కాదు. వలస వచ్చినవాళ్ళు మూలవాసుల నేల ఆక్రమించుకుంటూ పోతున్నారు, ఎప్పుడు ఎదురుదాడి జరుగుతుందోనని భయం. దాడి వచ్చిందని ఊరూరికీ చెప్పే సైరన్ ఏదీ లేదు, తుపాకి మోతే సైరన్. రోజూ రాత్రి తాగినవాళ్ళు పేలుస్తూ ఉంటే, నిజంగా మోగినప్పుడు ఎవరు లేస్తారు? నాన్నా పులి కథే. అంతకు ముందు 1620లలో కూడా విందుల్లో, తాగుళ్ళలో మందుగుండు తగలేయొద్దని అక్కడి వలస ఊళ్ళ అధికారులకు ఆదేశాలున్నాయి. అప్పుడు మందుగుండు ఓడలో రావాల్సిందే, అయిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు.

కొత్త సంవత్సరం రోజు మీదే ఎందుకంత పగ?

తెలుగులో మందు అంటే సారానూ అదే, తుపాకిలో కూరేదీ అదే. ఆ రెండు మందులూ కలిసే రోజు అది. ఇప్పటి న్యూయార్క్ ఇంకా డచ్చివాళ్ళ న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్నప్పుడే, 1655 డిసెంబర్ 31న పీటర్ స్టైవెసంట్ ప్రభుత్వం కొత్త సంవత్సరానికీ మే పండక్కీ తుపాకులు పేల్చకూడదని ఆర్డర్ వేసింది. ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, ఊరి పేరు మారింది, అలవాటు మాత్రం పోలేదు. విప్లవానికి కొంచెం ముందు న్యూయార్క్ కాలనీ డిసెంబర్ 31, జనవరి 1, 2 తేదీల కోసమే ఒక చట్టం చేసింది. జనం తాగేసి తుపాకులు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ నష్టాలు చేస్తున్నారని అందులో రాసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1780లలో రాష్ట్రంగా మళ్ళీ అదే చేశారు. పెన్సిల్వేనియా 1774 డిసెంబర్ 24న, అంటే సరిగ్గా పండగ వారం ముందు, ఇలాంటిదే తెచ్చింది.

ఇంటింటికీ పోయి గుమ్మం ముందు పేల్చి, ఇంటాయన పోసింది తాగి, పక్కింటికి పోవడం. మన హరిదాసు ఇల్లిల్లూ తిరిగినట్టే, కాకపోతే చేతిలో చిడతల బదులు తుపాకి. ఈ అలవాటు ఆనవాలు ఫిలడెల్ఫియాలో ఇప్పటికీ ఉంది. 1901 నుంచి జనవరి 1న అధికారికంగా జరిగే మమ్మర్స్ పరేడ్ అనే వేషాల ఊరేగింపు వాళ్ళ సంఘం పేరులోనే 'న్యూ ఇయర్ షూటర్స్' అని ఉంటుంది. ఇప్పుడు చేతుల్లో బాంజోలు, సాక్సొఫోన్లు.

బోస్టన్‌లో లోడ్ చేసిన తుపాకి ఇంట్లో ఉంచడమే నేరమట?

1783 మార్చి 1న వచ్చిన చట్టం సంగతి అది. మందు కూరిన తుపాకిని ఇల్లు, కొట్టం, గోడౌన్, దుకాణం, ఏ కట్టడంలోకీ తేకూడదు. తెస్తే 10 పౌండ్లు, తుపాకీ పోతుంది. కారణం నిప్పు ఆర్పేవాళ్ళు. ఇల్లు అంటుకున్నప్పుడు నీళ్ళ బక్కెట్లు పట్టుకుని లోపలికి ఉరికేది పక్కింటివాళ్ళే, గోడకు ఆనించిన తుపాకి వేడెక్కి దానంతటది పేలితే పోయేదీ వాళ్ళే. చట్టం మొదట్లో ఆ మాటే రాశారు. దీన్ని పట్టుకుని "చూశారా, ఆత్మరక్షణకు తుపాకి పనికిరాకుండా చేశారు" అని కొందరు, "అది ఉత్త మందుగుండు నిల్వ రూలు" అని కొందరు ఇప్పటికీ కొట్టుకుంటారు. చట్టం పేరు చూస్తే మందుగుండు జాగ్రత్త అనే ఉంటుంది, పాఠం చూస్తే మాత్రం లోడ్ చేసిన తుపాకి మీద గట్టిగానే పడింది. రెండు పక్షాలకూ చెరి సగం మార్కులు వేస్తాను నేను.

## పట్టుకోవడం, జరిమానా వేయడం

పోలీసులే లేని రోజుల్లో ఎవరు పట్టుకునేవాళ్ళు?

పక్కింటాయన. న్యూయార్క్‌లాంటి ఊరికే జీతం తీసుకునే పోలీసు దళం 1845లో వచ్చింది. అంతకు ముందు రాత్రి గస్తీవాళ్ళు, కానిస్టేబుళ్ళు కొద్దిమంది ఉండేవాళ్ళు గానీ, ఇలాంటి చట్టాలు నడిచింది ఎక్కువగా ఫిర్యాదుల మీద. ఆ రోజుల్లో చాలా జరిమానాల్లో కొంత వాటా ఫిర్యాదు చేసినవాడికి, మిగతాది ఊళ్ళో బీదలకో కౌంటీకో పోయేది. బోస్టన్ మెడ దారి చట్టమైతే ఇంకో అడుగు ముందుకేసింది, సొంత ఇల్లు వాకిలి ఉన్న ఎవరైనా పేల్చినవాడి తుపాకి లాక్కుని మేజిస్ట్రేటుకు అప్పజెప్పొచ్చంది, విచారణలో సాక్ష్యంగా చూపడానికి. కాగితం మీద బాగుంటుంది. ఇప్పుడే పేల్చిన చేతిలోంచి తుపాకి లాక్కోవడానికి ఎంతమంది ముందుకొచ్చారో మరి!

జరిమానాలు ఎంతెంత ఉండేవి?

ఊరిని బట్టి, కోపాన్ని బట్టి. ఫిలడెల్ఫియాలో 1721లో 5 షిల్లింగులు. రోడ్ ఐలండ్‌లో 1731 చట్టం చీకటి పడ్డాక వీధుల్లో, సారా కొట్లలో పేలిస్తే మొదటిసారి 5 షిల్లింగులు, మళ్ళీ దొరికితే ఇంకా ఎక్కువ. బోస్టన్‌లో 1746లో 40 షిల్లింగులు, అంటే రెండు పౌండ్లు. న్యూయార్క్ కాలనీ పండగ చట్టంలో 20. వాయవ్య భూభాగంలో 1788లో డాలర్ నుంచి 5 డాలర్ల దాకా. జైలుకు పంపడం అరుదు, ఉన్నా కొద్ది రోజులే.

మరి గురి చూసి నేర్చుకోవడం ఎక్కడ? అందరూ కాపలా దళంలో ఉండాలిగా?

దానికి చోటు చూపించారు. బోస్టన్ 1746 చట్టం ఊళ్ళోనూ రేవులోనూ గుండు వేసి పేల్చడాన్ని ఆపింది, తెలివితక్కువగా పేల్చడం వల్ల ఇప్పటికే ప్రాణాలు పోయాయని చెప్పి మరీ. ఆ చట్టంలోనే, కవాతు రోజుల్లో అధికారి అనుమతితో బోస్టన్ కామన్ దిగువ చివర గురిబోర్డు పెట్టి కాల్చుకోవచ్చని కూడా ఉంది. బోస్టన్‌లో ఉన్న మనవాళ్ళు ఆదివారం పిల్లల్ని తిప్పే పార్కు అదే. ఫిలడెల్ఫియాలో గవర్నర్ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి.

దొంగ ఇంట్లోకి వస్తే కాల్చినా జరిమానా కట్టాలా?

కొన్ని చట్టాలు ఈ మాట ఎత్తలేదు, కొన్ని విడమర్చి చెప్పాయి. వాయవ్య భూభాగం 1788 చట్టం ఇందులో బహు జాగ్రత్త పడింది. ఊళ్ళోని ఏ కట్టడానికైనా పావు మైలు లోపల, అంటే 400 మీటర్ల లోపల పేల్చకూడదని చెప్పి, వెంటనే శత్రువు మీద, దారిదోపిడీగాడి మీద, దొంగ మీద, తనను గానీ పరాయివాళ్ళను గానీ కాపాడటానికి పేలిస్తే ఇది వర్తించదని పొడుగ్గా రాసుకుంది. రాయని చోట కూడా ఇంట్లో దూరిన దొంగ మీద కాల్చినవాడికి 5 షిల్లింగులు వేసే మేజిస్ట్రేటు ఉంటాడని నేననుకోను.

ఈ చట్టాలు అందరికీ ఒకేలా ఉండేవా?

లేదు. పేల్చొద్దన్న రూలు స్వేచ్ఛ ఉన్న తెల్లవాడికి. బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్ళకు చాలా కాలనీల్లో తుపాకి చేత పట్టడమే నిషేధం, వర్జీనియా 1680లోనే అలాంటి చట్టం చేసింది. మూలవాసులకు తుపాకులు అమ్మడం మీదా ఆంక్షలు ఉండేవి. "పాత రోజుల్లో ఎంత బాగుండేదో" అని మొదలెట్టేవాళ్ళు ఎవరికి బాగుండేదో కూడా చెప్పాలి.

## కోర్టుల దాకా వచ్చాక

పాత జరిమానాల గొడవ 2008లో సుప్రీంకోర్టుకు ఎందుకొచ్చింది?

వాషింగ్టన్ నగరంలో 1976 నుంచి ఇంట్లో కూడా పిస్తోలు ఉంచుకోవడం మీద నిషేధం ఉండేది. అది ఆయుధాలు ఉంచుకునే హక్కు గురించి చెప్పే రాజ్యాంగం రెండో సవరణకు విరుద్ధమని వేసిన కేసే హెల్లర్ కేసు. 2008 జూన్ 26న 5-4 తేడాతో నిషేధం చెల్లదన్నారు. అటువైపు నలుగురిలో ఒకరైన జస్టిస్ బ్రెయర్, రాజ్యాంగం రాసిన రోజుల్లోనే పెద్ద నగరాలు తుపాకి వాడకాన్ని కట్టడి చేశాయి కదా అని బోస్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ చట్టాలన్నీ వరుసగా బయటికి తీశారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా వాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టారు: ఇవన్నీ ఇప్పుడు రోడ్డు అడ్డంగా దాటినందుకో, స్పీడుగా పోయినందుకో వేసే జరిమానాల్లాంటివి, 5 షిల్లింగుల భయానికి ఎవడూ తన కుటుంబాన్ని కాపాడుకోవడం మానడు, వీటిని చూపించి ఏకంగా పిస్తోళ్ళనే నిషేధిస్తామంటే కుదరదు అని.

నా మటుకు నాకు స్కాలియా జవాబు ఆ కేసుకు సరిపోయిందనే అనిపిస్తుంది, ఎందుకంటే పేల్చడం వేరు, ఉంచుకోవడం వేరు. కానీ బ్రెయర్ తవ్వి తీసిన అసలు విషయం, అంటే ఊళ్ళు మొదటి నుంచీ తుపాకికి హద్దులు గీశాయన్నది, ఆ తీర్పుతో అబద్ధమైపోలేదు. టీవీ చర్చల్లో ఈ రెండో సగం ఎప్పుడూ ఎగిరిపోతుంది.

పేల్చొద్దనే పేరుతో షూటింగ్ రేంజ్‌లు మూసేయొచ్చా?

షికాగో ప్రయత్నించి దెబ్బతింది. తన పిస్తోళ్ళ నిషేధం కేసులో 2010లో సుప్రీంకోర్టులో ఓడిపోయాక నగరం కొత్త రూలు పెట్టింది: తుపాకి పర్మిట్ కావాలంటే రేంజ్‌లో గంట శిక్షణ తీసుకుని రావాలి, నగరంలో మాత్రం జనం కోసం రేంజ్‌లు ఉండకూడదు. పెళ్ళి చేసుకుంటేనే ఇల్లు అద్దెకిస్తాం, ఇల్లుంటేనే పిల్లనిస్తాం అన్నట్టుంది. 2011లో ఎజెల్ కేసులో అప్పీలు కోర్టు దాన్ని ఆపేసింది. పాత నగరాల్లో కూడా పేల్చడం మీద చట్టాలున్నాయిగా అని నగరం తరఫువాళ్ళు వాదిస్తే, ఆ చట్టాలే గురి నేర్చుకోవడానికి దారి వదిలాయి కదా అని కోర్టు తిప్పికొట్టింది.

2022 తర్వాత ఈ చట్టాలను మళ్ళీ ఎందుకు తవ్వుతున్నారు?

2022 జూన్ 23న వచ్చిన సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు వల్ల. ఇప్పటి తుపాకి చట్టం ఏదైనా నిలవాలంటే అలాంటి కట్టడి ఈ దేశ చరిత్రలో ముందే ఉందని ప్రభుత్వం చూపించాలంది. దాంతో ప్రభుత్వ లాయర్లందరూ దుమ్ము పట్టిన కాలనీ చట్టాల పుస్తకాల మీద పడ్డారు. 2024 జూన్‌లో రహిమీ కేసులో కోర్టు కాస్త సడలించింది: అచ్చు కవల పిల్లల్లాంటి పాత చట్టం చూపించనక్కర్లేదు, వెనకున్న సూత్రం ఒకటైతే చాలంది. ఊరి మధ్యలో పేల్చొద్దన్న ఇప్పటి రూళ్ళకు మాత్రం ఈ పరీక్ష పెద్ద కష్టం కాదు, వాటికి మూడు వందల ఏళ్ళ తాతలున్నారు.

## ఇప్పుడు మన ఇంటి చుట్టుపక్కల

గాల్లోకి కాలిస్తే ఎవరికేమవుతుంది, అది పైకేగా పోయేది?

పైకి పోయింది కిందికి రావాలి. చిన్నదనుకునే పాయింట్ 22 తూటాల పెట్టె మీద కూడా ఒకటిన్నర మైళ్ళ దాకా పోతుందన్న హెచ్చరిక చూడొచ్చు. 1999 జూన్‌లో ఫీనిక్స్‌లో 14 ఏళ్ళ అమ్మాయి తన ఇంటి పెరట్లో ఉండగా ఎక్కడి నుంచో వచ్చిన తూటా తగిలి చనిపోయింది. ఆ అమ్మాయి పేరు మీదే 2000లో 'షానన్ చట్టం' వచ్చింది, అరిజోనాలో ఊరి హద్దుల్లో నేరపూరిత నిర్లక్ష్యంతో తుపాకి పేల్చడం అప్పటి నుంచీ ఫెలనీ. అంటే చిన్న జరిమానా కట్టి దులుపుకుని పోయే నేరం కాదు.

డాలస్ వైపు ఉంటాం, టెక్సస్‌లో అన్నీ ఓకే అంటారు కదా?

అన్నీ ఓకే కాదు. లక్ష జనాభా దాటిన నగరం హద్దుల్లో లెక్కలేనితనంగా తుపాకి పేలిస్తే అది క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ ఇవన్నీ లక్ష దాటినవే. మన వీసాల మీద ఉన్నవాళ్ళకు ఇలాంటి కేసు ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. ఎవరో ఫ్రెండ్ "ఒక్కసారి పట్టుకో బ్రో, పైకి కాల్చు" అంటే నవ్వేసి లోపలికి వెళ్ళి బిర్యానీ పెట్టించుకోండి.

మా ఇల్లు సిటీ లిమిట్స్ బయట. పక్క స్థలం ఆయన రోజూ కాలుస్తాడు, ఆపలేమా?

టెక్సస్ అయితే కష్టమే. సిటీ హద్దు బయట, సిటీ అజమాయిషీ కొంత ఉండే శివార్లలో కూడా, పదెకరాలూ అంతకు మించిన స్థలంలో షాట్‌గన్ కాల్చుకోవడాన్ని సిటీ ఆపలేదు, పక్కవాళ్ళ ఇంటికి 150 అడుగుల దూరం దాటి ఉంటే. రైఫిల్, పిస్తోలు అయితే 50 ఎకరాలు, 300 అడుగులు. తూటా ఆయన స్థలం దాటి రాకూడదన్న షరతు కూడా ఉంది, ఫిర్యాదు చేయాలంటే మీరు పట్టుకోవాల్సింది దాన్నే. ఇల్లు కొనేముందు వంటగది గ్రానైటు, ఈశాన్యం గుమ్మం అన్నీ చూస్తాం, స్థలం సిటీ హద్దులో ఉందో లేదో చూడం. శనివారం పొద్దున ఓసారి అక్కడికెళ్ళి పావుగంట ఊరికే నిలబడి వినండి.

మన దేశంలో పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాలుస్తారు, దానికి చట్టం లేదా?

ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, సంబరాల పేరుతో ప్రాణాలకు ముప్పు తెచ్చేలా కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పెళ్ళిళ్ళు, గుళ్ళు, సభలు అన్నీ అందులోకే వస్తాయి. లైసెన్స్ ఉంది కదా అన్నది ఇక్కడ జవాబు కాదు. మన తెలుగు ఊళ్ళలో ఇది ఉత్తరాదిలో ఉన్నంత లేదు, మనకు డప్పులూ డీజేలూ టపాసులూ చాలు.

రాత్రి మోత వినపడితే అది తుపాకో టపాసో ఎలా తెలుస్తుంది?

ఖాయంగా తెలీదు, నాకూ తెలీదు. టపాసైతే తరచు ముందో వెనకో రయ్‌మనే ఈల, వెలుగు ఉంటాయి, తుపాకైతే పొడిగా, ఒకే ఎడంతో టక్ టక్‌మంటుంది అంటారు, అదీ నమ్మకం లేదు. అనుమానంగా ఉంటే బాల్కనీలోకి వెళ్ళి వీడియో తీయకండి. పిల్లల్ని కిటికీ లేని గదిలోకి తీసుకెళ్ళి 911కి ఫోన్ చేయండి.

ఈ పాత చట్టాల అసలు పాఠం నేనే చదువుకోవాలంటే?

డ్యూక్ యూనివర్సిటీ లా స్కూలు వాళ్ళు చారిత్రక తుపాకి చట్టాలను ఆన్‌లైన్‌లో పోగేసి పెట్టారు, ఏడాదీ రాష్ట్రమూ బట్టి వెతుక్కోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, పాత ఇంగ్లీషు లెక్కలో 1752 దాకా కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాది వేళలో. అందుకే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల చట్టాలకు 1713-14 అని జంట ఏడాది కనిపిస్తుంది, అది అచ్చుతప్పు కాదు. రెండోది, అప్పటి అచ్చులో ఇంగ్లీషు s అక్షరం పొడుగ్గా ఉండి f లాగా కనపడుతుంది. స్కాన్ చేసిన పుస్తకాల్లో కంప్యూటర్ కూడా అలాగే చదివేస్తుంది కాబట్టి, షాట్ (shot) అని వెతికితే దొరకనిది ఫాట్ (fhot) అని వెతికితే దొరుకుతుంది. ఇది తెలీక నేను ఒక ఆదివారమంతా బోస్టన్ చట్టం కోసం వెతికాను.